బావుల అడంగలు



అడంగలు అనిన నెరుగని పెద్దలు మన గ్రామములలో లేరు. ఏ సర్వే నంబరు ఎవరి సాగులోనున్నది, విస్తీర్ణమెంత, మెట్టయా మాగాణియా, అందు ప్రత్తి వేసిరా మిరప వేసిరా అను సంగతులన్నియు నందు వ్రాయబడియుండును. తరతరములుగా కరణములు ఆ లెక్కలు వ్రాసిరి. 1984లో కరణీకము రద్దయినది గాని అడంగలు రద్దు కాలేదు. నేడది కంప్యూటరులోనికి ఎక్కినది. అయితే ఆ లెక్క యంతయు నేల పైభాగమునకు సంబంధించినదే. ఆ నేల క్రింద ఎన్ని అడుగుల రేగడి యున్నది, ఎన్ని అడుగుల సుద్ద యున్నది, రాయి ఎక్కడ తగిలెను, జల ఏ లోతున పడెను? వీనికి మన యూళ్లలో అడంగలు లేదు. నేటి నా ప్రసంగము ఆ లేని అడంగలును గూర్చియే.

ముందుగా నా తప్పు నేను చెప్పుకొందును. 1998లో మా మెట్టచేనిలో బోరు వేయించితిని. పొడి దుమ్ము వచ్చినదే గాని నీరు రాలేదు. సొమ్ము పోయినదన్న చింతతో గుంట పూడ్పించి, ఆ మాట మరచితిని. 2014లో మా తమ్ముని కుమారుడు, ఆ చేనికి ఆనుకొనియున్న తన భాగములో బోరు వేయింపదలచెను. మిరపతోట పూతమీద నున్నది. కాలువ నీరు చివరి భూములకు అందలేదు. అతడు వచ్చి, "పెదనాన్నా, అప్పుడు ఎంత లోతు వేయించారు? రాయి ఎన్ని అడుగులకు తగిలింది?" అని యడిగెను. "నూట యేబది యనుకొందును" అంటిని. అయితే లోతు చాలలేదని తలచి, అతడు అప్పు తెచ్చి, నా బోరునకు నలుబది అడుగుల దూరమున 260 అడుగులు వేయించెను. చుక్క పడలేదు. కొన్ని నెలలకు పాత పెట్టెలో నాటి రిగ్గువాని రసీదు కనబడెను. అందున్న అంకె 280. జీవితమంతయు పిల్లలకు, "విన్నది వ్రాసికొనుడు" అని బోధించినవాడను. నా చేని సంగతి నాలుగు పంక్తులు వ్రాసికొనలేదు. వ్రాసియున్నచో నీరు పడెడిదని చెప్పజాలను. ఆ అప్పు మాత్రము తప్పెడిది.

ఇట్టి వ్రాతను శాస్త్రజ్ఞులు వెల్ లాగ్ అందురు. మనము బావిపట్టిక యందము. ఇది మనకు బొత్తిగా క్రొత్త తలపు కాదు. ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో ఉదకార్గళమను అధ్యాయమును రచించెను. అందు చెట్లను బట్టియు పుట్టలను బట్టియు జలమును గుర్తించు విధమును చెప్పి యూరకొనక, త్రవ్వునప్పుడు ఏ లోతున ఏ వన్నె మన్ను వచ్చును, ఏ రాయి తగులును అను క్రమమును గూడ చెప్పెను. ఆ గుర్తులన్నియు నేటి పరీక్షకు నిలుచునని నేననను. కాని లోతును, పొరను, జలమును ఒక్కచోట కూర్చి చెప్పవలెనన్న బుద్ధి మన పూర్వులకు గలదని గ్రహింపవలెను.

బావిపట్టికలు రెండు తెరగులు. బోరు దిగుచుండగా పైకి వచ్చు మన్నును, రాతిపొడిని చూచి వ్రాసినది మొదటిది. బోరులోనికి పరికరమును దింపి, ప్రతి లోతునను పొరల గుణమును కొలిచినది రెండవది. ఈ రెండవ పద్ధతి 1927 సెప్టెంబరు 5న ఫ్రాన్సు దేశమున, ఆల్సేసు సీమలోని పెషెల్‌బ్రాన్ చమురుబావిలో, ష్లుంబర్జే సోదరుల సంస్థవారు ప్రారంభించిరి. విద్యుత్తును పొరలోనికి పంపి, ఏ పొర దానిని ఎంత అడ్డగించునో కొలుచుట దాని మర్మము. పొడిగానున్న గట్టిరాయి మిక్కిలి అడ్డగించును. నీరున్న పొర తక్కువగాను, ఉప్పునీరున్న పొర మరియు తక్కువగాను అడ్డగించును. అయితే బంకమన్ను గూడ విద్యుత్తును సులభముగా పోనిచ్చును. కావున అంకెలను మాత్రమే నమ్మరాదు. పైకి వచ్చిన మన్నును గూడ చూచి రెండింటిని సరిపోల్చవలెను.

దీని యుపయోగము మన సీమలోనే చూడవచ్చును. బాపట్ల, చీరాల తీరమున ఇసుకలో లోతు తక్కువ దొరువులు త్రవ్వి తీయని నీరు తోడుకొనుట మనవారెరిగినదే. ఆ తీయని నీటి క్రింద చాల తావుల ఉప్పునీరున్నది. అది ఏ లోతున మొదలగునో తెలియక బోరు దింపినచో, మంచినీరును చెడును, చేనును చెడును. నాలుగు బోర్ల పట్టికలు చేతనున్నచో, ఐదవవాడు ఎక్కడ ఆగవలెనో తెలిసికొనును. కనిగిరి ప్రాంతమున ఫ్లోరైడు బాధ గలదు. అచ్చట లోతుతోపాటు నీటి పరీక్షాఫలితమును గూడ వ్రాసి యుంచుట పిల్లల పండ్లకును ఎముకలకును సంబంధించిన విషయము.

ఇక్కడ పెద్దలు ఒక యాక్షేపణ చేయుదురు: "పల్నాటి సున్నపురాతిలో గాని చీమకుర్తి వైపు గట్టిరాతిలో గాని జల నెరియలలో నుండును. ఒకని బోరు పొంగును, ప్రక్కవానిది ఎండును. ప్రక్కవాని పట్టిక నాకెందుకు?" ఆక్షేపణ న్యాయమైనదే. ఒక్క పట్టిక యెవ్వరికిని నీటిని వాగ్దానము చేయదు. కాని ఒక యూరిలో అరువది పట్టికలు చేరినచో, మెత్తరాయి ఏ దిక్కున దళసరిగా నున్నది, నెరియలు సాధారణముగా ఏ లోతున తగిలినవి, ఏ లోతు దాటిన పిదప ఎవ్వరికిని జల పడలేదు అనునవి తెలియును. ఈ మూడవ సంగతి ఎండిన బోర్లు లేనిదే తెలియదు. కావున పండిన బోరును వ్రాసినట్లే ఎండిన బోరును వ్రాయవలెను. మనము సిగ్గుపడి దాచునదే పొరుగువానికి ఎక్కువ పనికివచ్చును.

ప్రభుత్వమువారు ఈ పని చేయుటలేదా యందురేమో. చేయుచున్నారు. కేంద్ర భూగర్భజల మండలి 1970 నుండి యున్నది. 1995లో ప్రపంచబ్యాంకు సహాయమున ఆరంభమైన జలవిజ్ఞాన పథకములో మన రాష్ట్రము గూడ చేరి, పరిశీలన బావులందు నీటిమట్టమును తమంతట నమోదు చేయు యంత్రములు అమర్చబడెను. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము బావులను, రిగ్గులను నమోదు చేయవలెనని విధించినది. కాని పరిశీలన బావులు కొన్ని. రైతుల బోర్లు లెక్కకు మిక్కిలి. నమోదు సంఖ్య యున్నంత మాత్రమున పొరల సంగతి తెలియదు. రిగ్గు బండి రాత్రి వచ్చి తెల్లవారులోపల పోవును. దానితో ఆ తెలివియు పోవును.

రైతులే ఈ పనికి పూనుకొనిన నిదర్శనము ప్రకాశము జిల్లాలోనే కలదు. 2003లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహాయమున, రైతులు నిర్వహించు భూగర్భజల పథకము ఏడు జిల్లాలలో నడచెను, అందు ప్రకాశమొకటి. వానను ప్రతిదినమును, బావుల మట్టమును పక్షమున కొకసారియు రైతులే, స్త్రీపురుషులిద్దరును, కొలిచిరి. ఆ యంకెలను నలుగురు చూచు గోడపై వ్రాసి, రబీకి ముందు కూర్చుండి, ఉన్న నీరెంత, వేయదలచిన పైరున కెంత కావలెనని లెక్కించుకొనిరి. ఎవ్వరిని ఎవ్వరును శాసింపలేదు. అంకె కన్నులయెదుట నుండగా, ఎవరి పైరు వారే నిర్ణయించుకొనిరి.

ఇక పట్టిక నెట్లు వ్రాయవలెను? బోరునకొక సంఖ్య, సర్వే నంబరు, సెల్‌ఫోను చూపు అక్షాంశ రేఖాంశములు, తేది మొదట వ్రాయుడు. ఒక్కొక్క రాడ్డు దిగినప్పుడెల్ల పైకి వచ్చిన పొడిని వరుసగా కుప్పలు పోయించి, వన్నెయు గుణమును వ్రాయుడు. కేసింగు ఎంతవరకు దిగెను, జల ఏ లోతున పడెను, ఎన్ని అంగుళములు, రుచి యెట్టిది, తుదకు ఎంత లోతున ఆపిరి అనునవి చేర్చుడు. పదవ తరగతి చదివిన పిల్లవాడు ఈ పని చేయగలడు. ఈ పట్టికలను కంప్యూటరులో చేర్చి, కోరినట్లు వెదకి తీయదగినట్లు కూర్చిన దానినే డేటాబేసు అందురు. కాగితపు కట్టలో ఒక దినము వెదకవలసినది అందు క్షణములో దొరకును.

కాని పుస్తకమునకు చెదలెట్టిదో, ఈ నిధికి అజాగ్రత్త యట్టిది. ఒకడు మీటర్లలో 60 అని వ్రాయగా మరియొకడు అడుగులనుకొన్నచో, దాదాపు 197 అడుగుల బోరు 60 అడుగులదగును. కావున కొలత యొక్కటిగా నుండవలెను. మట్టమును ఎల్లప్పుడు కేసింగు అంచునుండియే కొలువవలెను. ఒకని గొట్టురాయి మరియొకని నల్లరాయి కావచ్చును. అన్నిటికిని పొత్తగు పేర్ల జాబితా నొకటి యేర్పరచుకొని, రైతు చెప్పిన మాటను గూడ ప్రక్కన నుంచవలెను. తప్పు కనబడినచో పాత అంకెను చెరుపక, క్రొత్తదానిని తేదితో చేర్చవలెను. ప్రతులు మూడుచోట్ల నుండవలెను, అందొకటి కాగితముపై. అన్నిటికంటె ముఖ్యము, వ్రాయువాడు ఊరు విడిచినను వ్రాత ఆగకుండ, ఇద్దరికి ఆ పని తెలిసియుండవలెను.

"వ్రాసి యిచ్చినచో రేపు మోటారుకు పన్ను వేయుదురేమో" యను భయము కొందరికి గలదు. దానిని నేను పరిహసింపను. అందుచేతనే మొదటి ప్రతి ఊరివారి స్వాధీనములో నుండవలెననుచున్నాను. ఏది యెవరికి చూపవలెనో ఊరివారు కూర్చుండి తీర్మానింతురు గాక. దాచవలసినది పేరు కావచ్చును. పొరలను దాచిన ఎవ్వరికిని లాభము లేదు.

అయ్యలారా, మీలో అనేకుల యిండ్లలో పాత రసీదులున్నవి. అంతకంటె నెక్కువగా జ్ఞాపకములున్నవి. నావలె పొరబడక ముందే, ఈ వారములో మీ పిల్లలను చేరబిలిచి, మీ చేలలోని బోర్లను, పండినవానిని ఎండినవానిని, ఒక్కొక్కటిగా చెప్పి వ్రాయింపుడు. జ్ఞాపకముతో చెప్పినది జ్ఞాపకమనియే, రసీదు చూచి చెప్పినది రసీదనియే వ్రాయింపుడు. మా తమ్ముని కుమారుడు ఇప్పుడు మా యూరి బావులను నోటుపుస్తకములో ఎక్కించుచున్నాడు. అందు మొదటి పంక్తి నా ఎండిన బోరుదే: 280 అడుగులు, నీరు లేదు.