మందు ధారగానా, దఫాలుగానా?

1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డు పట్టణమున ఆల్బర్ట్ అలెగ్జాండర్ అను పోలీసు ఉద్యోగికి వైద్యులు పెనిసిలిన్ ఎక్కించిరి. కొద్దిదినములలోనే ఆతనికి నెమ్మదించెను. కాని ఆ మందు దేహమున నిలుచునది కాదు. చాలభాగము మూత్రముతో వెడలిపోవును. మందు కొరతచే వైద్యులు ఆతని మూత్రమునుండియే పెనిసిలిన్‌ను మరల తీసి ఎక్కించిరి. అదియు చాలలేదు. రోగము తిరుగబెట్టి మార్చి నెలలో ఆతడు మరణించెను.

నేడు మందునకు ఆ కొరత లేదు. అది దేహమున నిలువదను చిక్కు మాత్రము అట్లే యున్నది. పెనిసిలిన్ జాతి మందులు, సూక్ష్మజీవి తన పైగోడను కట్టుకొను పనికి అడ్డుపడును. ఆ కట్టడము ఆగదు గనుక అడ్డును ఆగరాదు. రక్తములో మందు ఒక మట్టమునకు పైన ఉన్నంతసేపే పని జరుగును. ఆ మట్టమునకు నాలుగైదు రెట్లు దాటినచో అదనపు లాభము స్వల్పము; దిగువకు జారినచో మిగిలిన క్రిములు మరల తలయెత్తును. జెంటామైసిన్ జాతి మందుల తీరు వేరు. అవి ఒక్కమారుగా హెచ్చుగా ఎక్కినప్పుడే దెబ్బ గట్టిగా తగులును.

శివాలయములో లింగముపై వ్రేలాడు ధారాపాత్రను మీరు చూచియే యుందురు. ఎనిమిది గంటల కొకమారు చెంబెడు నీరు పోసినచో నడుమ రాయి ఎండిపోవును. ఆ నీటినే చుక్కచుక్కగా విడిచినచో తడి ఆరదు. మెరోపెనెమ్ అను మందు ఎనిమిది గంటల కొకమారు ఇచ్చునదే. మూత్రపిండములు బాగుగా పనిచేయువారిలో గంటకు సుమారు సగము చొప్పున రక్తమునుండి తొలగిపోవును. కావున దఫాలు మాని, పంపు యంత్రముతో రేయింబవళ్లు ధారగా ఎక్కించిన మేలుకాదా అని వైద్యులు తలంచిరి.

తర్కము ఇంపుగనే యున్నది. కాని ఇంపైన తర్కములు రోగి మంచము వద్ద ఓడిపోవుట వైద్యములో క్రొత్త గాదు. 2023లో వెలువడిన ఒక పరీక్షలో, విషమస్థితిలో నున్న 607 మందికి మెరోపెనెమ్‌ను రెండు విధములుగను ఇచ్చి చూచిరి. 90 దినములలో ఇరుపక్షములందును నూటికి 42 మంది మరణించిరి. తేడా లేదు!

మరుసటి యేడు, 2024లో, 'బ్లింగ్-3' అను పెద్ద పరీక్ష ఫలితము వచ్చెను. ఏడు దేశములు, ఏడువేల పైచిలుకు రోగులు. రోజు మొత్తముమీద మందు ఇరువురికిని ఒక్కటే. ఇచ్చు తీరే వేరు. 90 దినములలో మరణించినవారు దఫాల పక్షమున నూటికి 26.8, ధార పక్షమున 24.9. ఇంతటి తేడా కేవలము యాదృచ్ఛికముగానైనను రావచ్చునని గణాంకశాస్త్రము హెచ్చరించినది. అయితే క్రిమిరోగము నయమైనవారు ధార పక్షమున 55.7, రెండవ పక్షమున 50. ఆ యేడే 18 పరీక్షలను, 9,108 మంది రోగులను కలిపి లెక్కింపగా మొగ్గు ధారవైపే తేలెను.

నేను వైద్యుడను గాను. లెక్కలు చదివిన సామాన్యునిగా నాకు తోచునది ఇది: క్రొత్త మందు లేకుండ, అదనపు మోతాదు లేకుండ, నూటికి ఇద్దరు బ్రతుకు అవకాశమున్నచో దానిని చిన్నదని త్రోసివేయరాదు. నిశ్చయమని చాటుటయు తగదు.

పద్ధతిలో మెలకువలు కలవు. మొదట ఒక నిండు మోతాదు వెంటనే ఈయక నేరుగ ధార మొదలిడినచో, మట్టము చేరుటకే గంటలు పట్టును. ప్రాణాపాయములో ఆ గంటలే విలువైనవి. యంత్రము కావలెను. ఇతర మందులతో కలియకుండ వేరొక నరపు మార్గమును తరచు కావలెను. మెరోపెనెమ్ నీట కరిగిన పిమ్మట, వేడిమిలో మరింత త్వరగా, శక్తి కోల్పోవును. పంపు నడచుచునే యుండును, లోన మందు మాత్రము నీరసించుచుండును. మన వేసవిలో, చల్లదనము లేని వార్డులో, ఒకే సంచిని ఇరువది నాలుగు గంటలు వ్రేలాడదీయుట కుదరదు. కొన్ని గంటల కొకమారు నర్సు క్రొత్తది కలిపి మార్చవలసినదే.