కింగ్‌ఫిషర్ కంపెనీ ఎవరిది?

(హబ్సిగూడ సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



బీరు గురించి మాట్లాడతానంటే వెనక కూర్చున్న పిల్లలు నవ్వుతున్నరు. నవ్వండి. తాగొద్దని చెప్పడానికి నేను రాలేదు. ఆ మాట చెప్పే హక్కు మన ఆడవాళ్లది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి వాళ్లు లేచి చెబితేనే 1993 అక్టోబరులో సారా బందయింది, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం వచ్చింది. 1997లో నిషేధం ఎత్తేశారు. సారా మాత్రం తిరిగి రాలేదు. దాని జాగాలో సీలు వేసిన సీసా వచ్చింది. ఆ సీసా ఎవరిదన్నదే ఇయ్యాల నా ప్రశ్న.

నా చిన్నతనంలో మా ఊరి కల్లు మండువలో మా నాయన దూరంగా గొంతుక్కూర్చుని ఆకు దొప్పలో తాగేవాడు. ముంత ముట్టనిచ్చేవాళ్లు కాదు. అందుకే మన చదువుకున్న పిల్లలు కొందరు "సార్, బీరు సీసాకు అంటు లేదు, పైసలిస్తే ఎవరికైనా ఒక్కటే సీసా" అంటే నేను కొట్టిపారెయ్యను. ఆ మాటలో నిజముంది. దొప్ప నుంచి సీసాకు రావడం చిన్న సంగతేమీ కాదు. అయితే తాగే కాడ అంటు పోయింది సరే, కంపెనీ కాడ మనం ఎక్కడున్నం?

కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ 1915లో పుట్టింది. థామస్ లీష్మన్ అనే స్కాట్లాండు దొర దక్షిణాదిలోని ఐదు బ్రూవరీలను కలిపి పెట్టాడు. తెల్ల సిపాయిలు తాగడానికి పీపాల్లో నింపి ఎద్దుల బండ్ల మీద పంపేవాళ్లు. ఆ బండ్లు ఎవరు తోలారో, పీపాలు ఎవరు మోశారో ఏ కంపెనీ చరిత్రలోనూ రాయరు. 1947లో విఠల్ మాల్యా మొదటి భారతీయ డైరెక్టరయ్యాడు, మరుసటేడు చైర్మనయ్యాడు. దొరల నుంచి మన దేశపు షావుకారు చేతికి వచ్చింది. 1983లో ఆయన చనిపోతే కొడుకు విజయ్ మాల్యా కుర్చీ ఎక్కాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. ఏ పరీక్ష రాశాడని? మన పిల్లకు రిజర్వేషన్‌లో గుమాస్తా ఉద్యోగం వస్తే మెరిట్ ఏదని అడిగే పెద్దమనుషులు అక్కడ అడగలేదు.

తర్వాత కథ మీకు తెలుసు. 2005లో విమానాలు నడపడం మొదలుపెట్టాడు, 2012లో మూతపడ్డది. ఉద్యోగులు జీతాల కోసం రోడ్డెక్కారు. బ్యాంకుల బాకీ వడ్డీతో కలిపి 9 వేల కోట్లు దాటింది. 2016 మార్చిలో దేశం దాటి లండన్ పోయాడు. అప్పుడాయన రాజ్యసభ సభ్యుడు కూడా. మన పల్లెల్లో సొసైటీ బాకీ కింద తలుపులు ఊడబీక్కుపోయిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటయి.

ఇంక కంపెనీ ఏమైంది? దాన్ని నూరెకరాల చెలక అనుకోండి. నెదర్లాండ్స్ దేశపు హైనెకెన్ కంపెనీకి 2008 నుంచి ఇందులో కాలు ఉంది, మెల్లగా వాటా 46 ఎకరాల 20 గుంటల దాకా పెంచుకున్నది. 2021 జూన్‌లో అప్పుల వసూలు ట్రిబ్యునల్ అధికారి మాల్యా తాలూకు 15 ఎకరాలు అమ్మకానికి పెడితే, 5,825 కోట్లు పెట్టి అదీ కొన్నది. మొత్తం 61 ఎకరాల 20 గుంటలు, అంటే 61.5 శాతం. సగం దాటింది గనక పెత్తనం వాళ్లదే. హైనెకెన్ కూడా 1864 నుంచి ఒక కుటుంబం పేరు మీద, ఆ కుటుంబం పట్టులోనే నడుస్తున్నది. వారసత్వం మన దేశంలోనే ఉందనుకోకండి.

దేశంలో అమ్ముడయ్యే బీరులో సుమారు సగం ఈ ఒక్క కంపెనీదే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం బెల్జియం కేంద్రంగా నడిచే ఏబీ ఇన్‌బెవ్, డెన్మార్క్ కంపెనీ కార్ల్స్‌బర్గ్ చేతుల్లో ఉంది. పోటీ ఉంటే ధర తగ్గుతుందని బడిలో మేమే చెబుతాం. కానీ ఈ మూడు కంపెనీలూ కూడబలుక్కొని ధరలు నడిపినయని పోటీ కమిషన్ 2021 సెప్టెంబరులో తేల్చింది. యునైటెడ్ బ్రూవరీస్‌కు దాదాపు 752 కోట్లు, కార్ల్స్‌బర్గ్‌కు 120 కోట్లకు పైగా జరిమానా వేసింది. ముందుగా వచ్చి గుట్టు చెప్పినందుకు ఏబీ ఇన్‌బెవ్‌ను వదిలేసింది. కంపెనీలు అప్పీలుకు పోయినయి.

మన రాష్ట్రం సంగతి చూడండి. తెలంగాణలో బీరు టోకున కొనేది ఒక్కరే, సర్కారు వారి బేవరేజెస్ కార్పొరేషన్. 2025 జనవరి 8న యునైటెడ్ బ్రూవరీస్ సరఫరా ఆపేసింది. 2019-20 నుంచి ధర పెంచలేదు, పాత బాకీలు కట్టలేదు అని కంపెనీ మాట. రాష్ట్రంలో ఈ కంపెనీది 69 శాతం వాటా, 33 శాతం ధర పెంచమంటున్నది, లొంగేది లేదని మంత్రి మాట. పన్నెండు రోజులకు సరఫరా మళ్లీ మొదలైంది. ఫిబ్రవరిలో కంపెనీలకిచ్చే ధర 15 శాతం పెరిగింది. ఇద్దరూ కలిసి పెంచింది తాగేవాడి ఖర్చే. సీసా ధరలో సుమారు 70 శాతం సర్కారు పన్నులకే పోతుందని కంపెనీ చెబుతున్నది. పొద్దంతా స్లాబు పని చేసి సాయంత్రం ఒక బీరు తాగిన కూలీ సర్కారుకు ఎంత కడుతున్నడో లెక్కేసుకోండి. పన్ను కట్టేవాళ్లు అన్నప్పుడు ఆయన్ను ఎవరైనా లెక్కిస్తరా?

మాకూ వాటా ఇచ్చారు కదా అంటారు. నిజమే, 2021 నుంచి 2,620 మద్యం షాపుల్లో ఎస్సీలకు 10 శాతం, అంటే 262. గౌడ్‌లకు 15, ఎస్టీలకు 5 శాతం. అది పోరాడి తెచ్చుకున్నదే, వదులుకోమని నేననను. కానీ 2025లో ఒక దరఖాస్తుకు 3 లక్షలు, లాటరీలో పేరు రాకపోతే తిరిగి రావు. 95 వేలకు పైగా దరఖాస్తులు పడ్డయి. లైసెన్సు ఫీజు చిన్న ఊర్లో ఏడాదికి 50 లక్షలు, హైదరాబాద్‌లో కోటీ 10 లక్షలు. మన వాడల్లో ఆ డబ్బు ఎవరి దగ్గరుంది? పేరు మనోడిది, పెట్టుబడి ఇంకొకరిది అయితే ఆ 262ను మనవని ఎట్ల చెప్పుకుంటం?

బాబాసాహెబ్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలన్నాడు. బీరు కీలక పరిశ్రమ కాదులెండి. కానీ ఆయన పెట్టిన ప్రశ్న, సొత్తు ఎవరి చేతిలో ఉందన్నది, దీనికీ వర్తిస్తుంది. మనం మాత్రం కౌంటర్ దగ్గర ఎవరు నిలబడ్డారన్న కాడనే ఆగిపోతున్నం.

సంగారెడ్డి నుంచి వచ్చిన తమ్ముళ్లు ఉన్నరు. బ్రూవరీలు మీ జిల్లాలోనే ఉన్నయి. వాటిల్లో పర్మినెంటు ఎందరు, కాంట్రాక్టు ఎందరు, మనోళ్లు ఎందరు, రోజుకు బోరు నీళ్లెన్ని తోడుతున్నరు, మీరే రాసి తేవాలి. ఎస్సీ కోటా షాపుల సంగతి మనం అడుగుదాం: రెండేళ్ల గడువు పూర్తయ్యేదాకా అసలు లైసెన్సుదారు చేతిలో ఉన్నవి ఎన్ని, చేతులు మారినవి ఎన్ని. సమాచార హక్కు చట్టం కింద ఎక్సైజ్ శాఖకు దరఖాస్తు నమూనా రాసి తెచ్చాను. పది రూపాయల ఫీజు. ఉప్పల్ వాళ్లు ఒకటి, నాచారం వాళ్లు ఒకటి, జిల్లాల వాళ్లు తలా ఒకటి, ఆ బల్ల మీద ఉన్నయి, పోయేటప్పుడు తీసుకొని పోండి.