ఒక్క మెట్టు, మూడు తీగలు

స్వరకర్త షోపాన్ పియానోకు రాసిన ఓపస్ 28లో పదిహేనో ప్రెల్యూడ్ అయిదారు నిమిషాల రచన. దానికి వాన చినుకుల పేరు తగిలించింది లోకం, ఆయన కాదు. 1838-39 చలికాలంలో ఆయన మయోర్కా ద్వీపంలో గడిపిన రోజుల గురించి కథలు చాలా ఉన్నాయి, వాటిని వదిలేద్దాం. మీరు పట్టుకోవలసింది అందులో ఆగకుండా మోగే ఒక్క స్వరాన్ని. మొదట అది ఏ ఫ్లాట్. పైన పాట హాయిగా సాగుతుంటే అడుగున ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. నడిమి భాగంలో పాట మంద్రంలోకి దిగిపోతుంది, ఈ స్వరం పైకొచ్చి బిగుస్తుంది. ఇప్పుడు కాగితం మీద అది జి షార్ప్, వేలి కింద మాత్రం అదే మెట్టు. చుట్టూ అంతా మారినా ఆ మెట్టు కదలకపోవడంలోనే ఉంది సొగసు. పైపాట ఒక్కటే విని బాగుందనేసేవారు సగం వదిలేసుకున్నట్టే.

ఇంత బరువు మోసే ఆ మెట్టుకు సాధారణంగా మూడు తీగలుంటాయి, సుత్తి మూడింటినీ ఒకేసారి కొడుతుంది. ఒకటి సెకనుకు 208 సార్లు, పక్కది 206 సార్లు కంపించిందంటే శబ్దం సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతుంది. వేరే రచనలో ఆ ఊగు దొర్లిపోవచ్చు. ఇక్కడ మొదలు నుంచి చివరిదాకా వెంటాడుతుంది. పియానో శ్రుతి చేయించమంటే కొందరు "మేం వాయించేదే తక్కువ, శ్రుతి ఎందుకు పోతుంది?" అంటారు. వేళ్లకన్నా తేమే ఎక్కువ పాడుచేస్తుంది. వానల్లో సౌండ్‌బోర్డు చెక్క ఉబ్బి తీగల్ని బిగిస్తుంది, ఎండల్లో కుంచించుకుని వదులు చేస్తుంది. ఈ మార్పు ఎక్కువగా తగిలేది నడిమి మెట్లకే, అంటే మన ఏ ఫ్లాట్ ఉన్నచోటే. మూత వేసి గుడ్డ కప్పినా గాలిలో తేమ ఆగదు.

"మా చెవికి బాగానే ఉంది" అనేది రెండో మాట. రోజుకింత జారితే చెవి దానికే అలవాటుపడుతుంది, అందుకే ఆ సాక్ష్యం చెల్లదు. వైణికులు కచేరీలోనే బిరడా తిప్పి సరిచేసుకుంటారు, పియానో వాయించేవారికి ఆ వీలు లేదు. ఇక ఖర్చు సంగతి. తయారీదారులు ఏడాదికి రెండుసార్లయినా శ్రుతి చేయించమంటారు. పదేళ్లు ఆగితే మిగులుతుందనుకోవడం పొరపాటు. మొత్తం తీగల లాగుడు టన్నుల్లో ఉంటుంది. బాగా దిగిపోయిన శ్రుతిని పైకి లాగుతుంటే, ముందు సరిచేసిన తీగలు మళ్లీ జారతాయి, రెండుసార్లు చుట్టబెట్టాలి. తుప్పు పట్టిన తీగ తెగినా తెగుతుంది.

ఈ ప్రెల్యూడ్ వాయించబోయే ముందు ఆ మెట్టు ఒక్కటే నొక్కి, వేలు తీయకుండా శబ్దం ఆరేదాకా వినండి. ఊగు వినబడిందా, షోపాన్ ఎక్కడికీ పోరు, ముందు ట్యూనర్‌కి ఫోన్ చెయ్యండి.