నాయకుడికీ జనానికీ నడుమ

 

రాజనీతిశాస్త్రం చదివి ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీతో ఒక పార్టీ పుట్టుక గురించి మాట్లాడాలని వచ్చాను. 1982 మార్చి 29న హైదరాబాద్‌లో సినీ నటుడు ఎన్‌.టి.రామారావు తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. పది నెలలు తిరక్కుండానే, 1983 జనవరిలో, 294 స్థానాల శాసనసభలో 200కు పైగా గెలుచుకున్నారు. పాతుకుపోయిన యంత్రాంగమేదీ అప్పటికి లేదు. ఊరూరా అభిమాన సంఘాలున్నాయి. ఆ కుర్రాళ్లే జెండాలు కట్టారు, గోడల మీద రాశారు. చైతన్యరథమనే ప్రచార వాహనం మీద నుంచి ఆయన మాట్లాడితే ఏ మధ్యవర్తీ లేకుండా ఆ మాట జనం చెవిన పడింది. ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులను చూసి విసిగిన రాష్ట్రానికి ఆత్మగౌరవం అన్న మాట సూటిగా తగిలింది. కిలో రెండు రూపాయల బియ్యం పేదింటి పొయ్యి దాకా వెళ్లింది.

ఒక్క నాయకుడి చుట్టూ పుట్టే ఇలాంటి పార్టీలకు జనం మోసపోయి ఓటేస్తారని చదువుకున్నవాళ్లు కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఎవరూ పట్టించుకోని అవమానాన్ని ఒకరు పలికితే జనం కదులుతారు. 1984 ఆగస్టులో గవర్నర్ రామారావు గారిని తొలగిస్తే రాష్ట్రమంతా భగ్గుమంది. నెల తిరిగేసరికి ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

నన్ను కలవరపెట్టేది ఇలాంటి పార్టీల లోపలి నిర్మాణం. టికెట్టు ఎవరికన్నది ఒక్కరి మాటతో తేలే చోట నాయకుడితో విభేదించడానికి వేదికే ఉండదు. అసమ్మతి అప్పుడు హోటలు గదులు వెతుక్కుంటుంది. 1995 ఆగస్టులో వైస్రాయ్ హోటల్లో చేరిన తెలుగుదేశం శాసనసభ్యుల సంఖ్యతోనే రామారావు గారి నుంచి అధికారం చేతులు మారింది. అంతకు ముందు ఏడాది ఆయన పేరు మీద ఓటేసిన లక్షల మందికి అందులో పాత్ర లేదు. ఆయన్ను సమర్థించినవారూ వ్యతిరేకించినవారూ ఆలోచించాల్సిన విషయమిది.

నెదర్లాండ్స్‌లో రాజకీయ నాయకుడు గీర్ట్ విల్డర్స్ ఈ ఒక్కరి పెత్తనాన్ని చివరి అంచుకు తీసుకెళ్లారు. 2006లో పెట్టిన ఆయన పార్టీకి అధికారికంగా సభ్యుడు ఆయనొక్కరే. 2023లో ఆ పార్టీ 150 స్థానాల దిగువసభలో 37 గెలిచింది. అన్ని ఓట్లు వేసినవారిలో ఆయన తప్ప ఒక్కరికీ పార్టీలో సభ్యత్వం లేదు!

మీలో కొందరు రేపు పార్టీ కార్యాలయాల్లో, వార్తా సంస్థల్లో పనిచేస్తారు. అభ్యర్థిని ప్రకటించిన రోజున ఒక ప్రశ్న అడగండి: ఈ పేరును ఏ సమావేశం తేల్చింది, అక్కడ కాదన్నవారు ఎందరు?