లోడ్ పడ్డాకే లోపం తెలుస్తుంది

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో, మెయింటెనెన్స్ విభాగం ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేసిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యులు కోరినందున ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



మన ఆఫీసు కంప్యూటరు ఎందుకు ఆగిపోయిందో, మళ్లీ ఎట్లా నడిచిందో పది నిమిషాల్లో చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. ఉపన్యాసాలు నాకు చేతకావు. ముప్పై మూడేళ్లు పానా, టెస్టరు పట్టుకున్న చేతులివి. షిఫ్టు మారేటప్పుడు తర్వాతి వానికి రిపోర్టు అప్పజెప్పినట్టే చెబుతాను. ఇందులో నా తప్పులు కూడా ఉన్నాయి. అవీ దాచకుండా చెబుతాను.

ముందు, కొత్త కంప్యూటరు అవసరం ఎందుకు వచ్చిందంటే, మన పాతది విండోస్ 10 మీద నడిచేది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ వారు దానికి మామూలు మద్దతు ఆపివేశారు. విండోస్ 11 వేద్దామంటే, వారు ఆమోదించిన ప్రాసెసర్ల జాబితాలో 2017 నాటి మన ప్రాసెసరు లేదు. మన ఆఫీసులో ఆ యంత్రం చేసే ముఖ్యమైన పని ఏమిటో మీ అందరికీ తెలుసు. జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో మొదలైంది. అప్పటి నుంచి బ్యాంకుల చుట్టూ తిరగకుండా, ఆధార్ నంబరు ఇచ్చి వేలిముద్ర వేసి మనం బతికే ఉన్నామని చెప్పుకుంటున్నాము. ఇ.పి.ఎస్.-95 పెన్షనర్లు ఆ పత్రాన్ని ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన నాటి నుంచి ఏడాది చెల్లుతుంది. అయినా మనవారిలో చాలామందికి పాత అలవాటు ప్రకారం నవంబరే గడువు. నడవలేనివారు ఆటోలో వచ్చి మన మెట్లెక్కేది ఆ నెలలోనే. అటువంటి వివరాలు నడిచే యంత్రాన్ని భద్రతా అప్‌డేట్లు లేకుండా వాడటం మంచిది కాదని కార్యవర్గం తీర్మానించింది.

కంపెనీ కంప్యూటరు కొందామని కొందరు అన్నారు. విడిభాగాలు తెచ్చి మనమే బిగించుకుందామని నేను అన్నాను. ఒకపక్క ఇక్రిశాట్, ఇంకోపక్క రామచంద్రాపురంలో టర్బైన్లు చేసే బి.హెచ్.ఇ.ఎల్., ఇటు పాశమైలారం దాకా షెడ్లే షెడ్లు. ఇన్ని యంత్రాల మధ్య బతికినవాళ్లం, ఒక్క డబ్బా బిగించుకోలేమా అని నా ధీమా. మీరు తలా రెండు వందలు వేసుకున్నారు. నేను సికింద్రాబాదు వెళ్లి, చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఒక చిన్న దుకాణంలో సామాను తెచ్చాను. మదర్‌బోర్డు, ప్రాసెసరు, ఎస్.ఎస్.డి., ఎస్.ఎం.పి.ఎస్., క్యాబినెట్, ఒక 8 జి.బి. మెమరీ పట్టీ. ఖర్చు తగ్గుతుందని పాత కంప్యూటరులోని 8 జి.బి. పట్టీ కూడా ఊడదీసి ఇందులో పెట్టాను.

ఒక ఆదివారం బిగించాము. స్విచ్ వేయగానే తెర వెలిగింది, 16 జి.బి. అని చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు, చాయ్ తెప్పించారు. తర్వాత విండోస్ ఎక్కించడం మొదలుపెట్టాను. 18 శాతం దగ్గర ఆగిపోయింది. మౌసు బాణం కదలదు. క్యాప్స్ లాక్ నొక్కితే కీబోర్డు దీపం వెలగదు, ఆరదు. అంటే మెల్లగా నడవడం కాదు, పూర్తిగా బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ మొదలుపెడితే 64 దగ్గర. మూడోసారి 41 దగ్గర. నాలుగోసారి 20 కూడా దాటలేదు.

అప్పుడు నేను చేసిన మొదటి పని దుకాణానికి ఫోన్ చేసి ఆ పిల్లవాణ్ణి తిట్టడం. పాడైన సామాను అంటగట్టావని, పెన్షనర్ల డబ్బు తిన్నావని అందరి ముందూ అన్నాను. అతను నెమ్మదిగా, "సార్, అన్నీ టెస్ట్ చేసే ఇచ్చినం. మీరు లోపల సెట్టింగ్ ఏమన్నా మార్చిండ్రా?" అని అడిగాడు. ఏమీ మార్చలేదన్నాను. నేను అబద్ధం ఆడలేదు, గుర్తు లేదు. కాని రాసిపెట్టుకోనప్పుడు మరపుకూ అబద్ధానికీ తేడా ఎదుటివానికి ఎట్లా తెలుస్తుంది?

ఆ రాత్రి బీరంగూడలో ఇంటికి పోయాక నిద్ర పట్టలేదు. డబ్బా బాగానే వెలిగింది కదా, ఎక్కించేటప్పుడే ఎందుకు ఆగాలి? మనకు తెలిసిన సంగతే ఇది. మోటారు నో-లోడ్ మీద సాఫీగా తిరుగుతుంది, లోడ్ పడగానే ట్రిప్ అవుతుంది. తెర వెలిగినంత మాత్రాన కంప్యూటరుకు లోడ్ పడినట్టు కాదు. ఆపరేటింగ్ సిస్టం ఎక్కించేటప్పుడు పెన్ డ్రైవ్‌లో కుదించి పెట్టిన ఫైళ్లను చదవాలి, మెమరీలోకి తెచ్చి విప్పాలి, సరిగా ఉన్నాయో లేదో చూడాలి, డిస్కు మీద రాయాలి. అన్ని భాగాలకూ ఒకేసారి పని పడే మొదటి ఘడియ అదే. 8 జి.బి. పట్టీలో ఆరు వేల ఎనిమిది వందల కోట్లకు పైగా బిట్లు ఉంటాయి. కీలకమైన చోట ఒక్కటి తిరగబడితే చాలు, మొత్తం ఆగిపోవచ్చు.

మర్నాడు ఒక నోటు పుస్తకం కొని లాగ్ బుక్కు మొదలుపెట్టాను. ప్రతి ప్రయత్నానికీ టైము, ఎన్ని శాతం దగ్గర ఆగింది, అంతకుముందు నేను ఏం మార్చాను అని మూడు గళ్లు గీశాను. ప్రతిసారీ ఒకే చోట ఆగితే ముందుగా పెన్ డ్రైవ్, దానిలోని ఫైలు, డిస్కు, ఏదో ఒక డ్రైవరు వీటిని అనుమానించాలి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే వేడి, కరెంటు, మెమరీ చూడాలి. మనది రెండో రకం.

ఇక ఒక్కొక్కటే పరీక్ష చేశాను. హీట్ సింక్ మీద చేయి పెడితే గోరువెచ్చగా ఉంది, ఫ్యాను తిరుగుతోంది. పాలిథీన్ పొర తీయకుండా బిగించానేమోనని విప్పి చూశాను, లేదు. గోడ ప్లగ్గులో 221 వోల్టులు. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు వోల్టుల లోపే. ఎస్.ఎం.పి.ఎస్.లో 12 వోల్టుల తీగ మీద మీటరు పెట్టి, లోడ్ మీద నడుస్తుండగా చూస్తే 11.9. అయిదు శాతం తేడా దాకా ఒప్పుకుంటారు, అంటే 11.4 దాకా భయం లేదు. పెన్ డ్రైవ్ మార్చాను. మళ్లీ ఆగింది, ఇంకో చోట.

మిగిలింది మెమరీ. మా మనవరాలు ఇంజనీరింగు చదువుతోంది. "తాతా, మెమ్‌టెస్ట్ పెట్టి చూద్దాం" అంది. 1994లో క్రిస్ బ్రేడీ అనే ఆయన రాసిన మెమ్‌టెస్ట్86తో మొదలైన పరీక్ష ఇది, ఉచితంగా దొరుకుతుంది. విండోస్ లేకుండానే పెన్ డ్రైవ్ నుంచి నడుస్తుంది. మెమరీలో రకరకాల అంకెలు రాసి, తిరిగి చదివి, సరిచూస్తుంది. రెండు పట్టీలతో నడిపితే కొద్ది నిమిషాల్లోనే తెర మీద ఎర్ర గీతలు వచ్చాయి. పాతది తీసి కొత్తది ఒక్కటే పెట్టాము. ఒక్క తప్పూ లేదు. "పాతదే పాడైంది" అన్నాను. "ఒక్కదాన్నే పెట్టి చూడకుండా ఎట్లా అంటావు?" అంది పిల్ల. పెట్టి చూస్తే దానిలోనూ ఒక్క తప్పు లేదు.

విడివిడిగా రెండూ మంచివే. కలిస్తేనే గొడవ. ఎందుకో నాకు అంతుబట్టలేదు. మనవరాలు తెర మూలన ఉన్న అంకె చూపించింది. పాత పట్టీ ఒక్కటే ఉన్నప్పుడు వేగం 2400. రెండూ ఉన్నప్పుడు 3200. పట్టీ మీది స్టిక్కరు చూస్తే దాని అసలు వేగం 2400 అనే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. బిగించిన రోజే, ఒక వీడియో చూసి, బయోస్‌లో ఎక్స్.ఎం.పి. అనే వేగపు సెట్టింగు ఆన్ చేసింది నేనే. కొత్త పట్టీ ఆ వేగానికి తయారైనదే. పాతది కాదు. పుల్లీ మార్చి పాత పంపును రెట్టింపు వేగంతో తిప్పి, పంపు మంచిది కాదన్నట్టుంది నా సంగతి. సెట్టింగు మామూలుకు తెచ్చాము. రెండూ 2400 మీదికి వచ్చాయి. రాత్రంతా పరీక్ష నడిపితే ఒక్క ఎర్ర గీత లేదు. పొద్దున్నే విండోస్ మొదలుపెడితే నేను చాయ్ తాగి వచ్చేలోపు సగం దాటింది, ఇక ఆగలేదు.

ఆ రోజే బస్సెక్కి సికింద్రాబాదు వెళ్లాను. ఫోనులో అందరి ముందు తిట్టినవాణ్ణి ఫోనులో క్షమాపణ అడిగితే చాలదనిపించింది. అతను నవ్వి, "పెద్దోళ్లు మీరు, ఇంత దూరం ఎందుకొచ్చిండ్రు సార్" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఇంకొకటి గుర్తొచ్చింది. ఇది మన ఫ్యాక్టరీ సంగతి. 1991 వేసవిలో రాత్రి షిఫ్టులో కంప్రెసరు మోటారు ఒకటి మాటిమాటికీ ట్రిప్ అయింది, జ్ఞాపకం ఉందా? హెల్పరు వాల్వు మూసి ఉండగా స్టార్ట్ చేశాడని నేను రిపోర్టు ఇచ్చాను. అతనికి మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. వారం తర్వాత టెర్మినల్ బాక్సు విప్పితే ఒక ఫేజు లగ్గు వదులై, కాలి నల్లబడి ఉంది. ఆ లగ్గు బిగించింది నేనే. నో-లోడ్ మీద తిరిగేది, లోడ్ పడగానే ఆ ఫేజు అందక రిలే కొట్టేది. కొత్త లగ్గు వేసి, టేపు చుట్టి, మూత బిగించాను. లాగ్ బుక్కులో రాయలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఆయన ఇప్పుడు ఇస్నాపూర్‌లో ఉంటారు. వెతుక్కుంటూ వెళ్లి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు ఎర్కనే సార్. అటెన్క ఆ డబ్బ తెరిచినప్పుడు మీ చేతి టేపు చూసిన" అన్నారు. ముప్పై ఏళ్లకు పైగా తెలిసి ఉండి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన అనుమతితోనే ఇప్పుడు మీ ముందు చెబుతున్నాను. ఆగిన ఇంక్రిమెంటు నేను తిరిగి తేలేను. ఆయన వల్ల తప్పు జరగలేదని, తప్పు నాదని మన సంఘం మినిట్స్ పుస్తకంలో రాయమని మాత్రం కార్యదర్శి గారిని కోరుతున్నాను.

ఇంట్లో పిల్లలు కంప్యూటరు బిగించుకుంటూ, మధ్యలో ఆగిపోయిందని వస్తే మీరు చెప్పవలసినవి నాలుగు మాటలు. ఒకటి, ఎక్కడ ఆగిందో ప్రతిసారీ రాసుకోవాలి. రెండు, బయోస్ సెట్టింగులన్నీ మామూలుకు తేవాలి. మూడు, అవసరమైనవి తప్ప అన్నీ ఊడదీసి, ఒక మెమరీ పట్టీతో మొదలుపెట్టాలి. నాలుగు, ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మార్చితే, బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు. ఇవన్నీ అయ్యేదాకా దుకాణం వాణ్ణి తిట్టకూడదు.

కంప్యూటరు పక్కనే ఆ నోటు పుస్తకం దారం కట్టి వేలాడదీశాను. ఎవరు ఏ సెట్టింగు ముట్టుకున్నా అందులో రాసి సంతకం చేయాలి. మొదటి పేజీలో మొదటి వరుస, ఎక్స్.ఎం.పి. ఆన్ చేసింది ఎవరో, నేనే రాసి సంతకం పెట్టాను. నవంబరులో ఆ యంత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు.