పదిహేడేళ్ల భుజాల మీద ఒక రాష్ట్రం

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి పరుగెత్తే ఆట. అక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో కాలేజీ జట్టంటే ఊరి జాతర లాంటిది. లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చుంటారు.

2012 జనవరిలో ఆ రాష్ట్రపు హైస్కూలు కుర్రాడు లాండన్ కాలిన్స్ ఏ కాలేజీలో చేరతాడో టీవీ ప్రత్యక్ష ప్రసారంలో చెప్పాడు. వేరే రాష్ట్రంలోని అలబామా యూనివర్సిటీ అన్నాడు. పక్కనే కూర్చున్న కన్నతల్లి తల అడ్డంగా ఊపింది. ఎల్‌ఎస్‌యూనే నయమని అందరి ముందే అనేసింది. మరో నాలుగు రోజుల్లో ఆ రెండు కాలేజీలే జాతీయ టైటిల్‌కు తలపడబోతున్నాయి. పైగా అప్పటి అలబామా కోచ్ నిక్ సేబన్ అంతకుముందు ఎల్‌ఎస్‌యూ కోచే. తమ కోచ్ ప్రత్యర్థి జట్టుకు చేరాడన్న గాయం లూసియానా వాళ్లకు అప్పటికీ పచ్చిగానే ఉంది.

సొంత రాష్ట్రంలోనే చదవడానికి మామూలు విద్యార్థికైతే ఒక కారణం ఉంది: అక్కడి ప్రభుత్వ కాలేజీల్లో ఫీజు తక్కువ. ఇలాంటి ఆటగాళ్లకు ఎక్కడైనా పూర్తి స్కాలర్‌షిప్ దొరుకుతుంది కాబట్టి ఆ లెక్క లేదు. మిగిలేది అభిమానమే. దుకాణంలో, చర్చిలో, బడిలో ఎదురైన ప్రతివాళ్లూ "మనవాడివి, మన దగ్గరే ఉండు" అంటుంటే పదిహేడేళ్ల పిల్లవాడు ఏమని బదులు చెప్పాలి? ఆ ప్రేమ నిజమైనదే, కానీ ఆ బరువు అతనిది కాదని నా నమ్మకం. ఎంపిక తప్పితే దెబ్బ తగిలేది అతనికే. ఆ రోజుల్లో కాలేజీ మారితే సాధారణంగా ఏడాదిపాటు ఆటకు దూరంగా కూర్చోవాల్సి వచ్చేది.

కాలిన్స్ మాట మార్చుకోలేదు. అతని తొలి ఏడాదే అలబామా జాతీయ విజేతగా నిలిచింది.