విద్యార్థులు – సెలవులు

సంక్రాంతి సెలవులు వచ్చినవనగనే పట్టణములలోని వసతిగృహములు ఖాళీ యగును, బస్సులు నిండును. పెట్టె చేతబట్టుకొని ఊరి పొలిమేరలో దిగిన కుమారుని జూచి తల్లి సంతసించును. పది దినములు పిండివంటలు, భోగిమంటలు, చుట్టపుచూపులు. పిదప మరల బస్సు. ఇందు తప్పేమియు లేదు. చదువుకొను పిల్లలకు విశ్రాంతి అవసరమే. కాని ఆ పది దినములలో రెండు దినములైనను ఊరికి చెందవలదా? ఈ ప్రశ్ననే నేడు శ్రోతలతో కలసి ఆలోచింపదలచితిమి.

మనుష్యుడు ఋణములతోనే పుట్టునని మన పెద్దలు చెప్పిరి. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడింటిని అందరును ఎరుగుదురు. శతపథబ్రాహ్మణము వీనితోపాటు నాలుగవదియగు మనుష్యఋణమునుగూడ పేర్కొన్నది. తోడి మనుష్యులకు అన్నమును, నీడను ఇచ్చుటచే అది తీరునట. కళాశాల విద్యార్థి ఈ నాలుగవ పద్దును లెక్క చూచుకొనినచో అది చిన్నది కాదని తెలియును. ప్రభుత్వ విద్యాలయములలో విద్యార్థి చెల్లించు రుసుము ఆ చదువునకగు వ్యయములో కొంతభాగము మాత్రమే. మిగిలినది ప్రజల పన్నులనుండి వచ్చుచున్నది. అగ్గిపెట్టె కొనిన కూలివాడును అందు భాగస్వామియే. అతడు కళాశాల గడప ఎన్నడును త్రొక్కియుండడు.

ఈ ఋణభావము ఆధారముగనే మనదేశమున ఒక యేర్పాటు జరిగినది. స్వాతంత్ర్యానంతరము డాక్టరు రాధాకృష్ణన్ అధ్యక్షతన నియమింపబడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, విద్యార్థులు స్వచ్ఛందముగ దేశసేవయందు పాల్గొనవలెనని సూచించెను. పెక్కు చర్చల పిమ్మట, గాంధీజీ శతజయంతి సంవత్సరమున, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవాపథకము ప్రారంభమైనది. 'నేను కాదు, నీవు' అనునది దాని ఆదర్శవాక్యము. కోణార్క రథచక్రము దాని చిహ్నము. ఇందు చేరిన విద్యార్థి యేడాదికి 120 గంటల చొప్పున రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను. ఇదికాక, సెలవులలో ఏడు దినముల ప్రత్యేక శిబిరము జరుగును.

కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి శిబిర మొకదానిని శ్రోతలకు వినిపింపవలెనని ధ్వనిముద్రణ యంత్రముతో మేమొక గ్రామమునకు వెళ్లితిమి. ఏబదిమంది విద్యార్థులు వీథివెంట ఇంకుడుగుంతలు త్రవ్వుచుండిరి. ఉత్సాహమునకు కొదువ లేదు. గునపము పట్టి యెరుగని అరచేతులు రెండవనాటికే బొబ్బలెక్కినవి. వారి పాటలను, సర్పంచిగారి మాటలను ముద్రించుకొని, యంత్రమును కట్టివేసి, మేము బయలుదేరుచుండగా అరుగుమీదనుండి ఒక ముదుసలి పిలిచినది.

"బాబూ, పోయినేడు గూడా వచ్చారు పిల్లలు. గుంతలు తవ్విపోయారు. ఇప్పుడు వాటినిండా బురదే. అది పోనీ, నా పింఛను కాగితం చదివి చెప్పేవాడొక్కడూ లేడా మీలో?"

గునపము ప్రక్కన బెట్టి ఒక విద్యార్థిని ఆమెచెంత కూర్చుండెను. "ఇలా ఇవ్వు అవ్వా" అని కాగితములన్నియు చూచెను. ఆధారు కార్డులో ఒక పేరు, బ్యాంకు పుస్తకములో వేరొక పేరు ఉన్నవి. పింఛను ఆగుటకు కారణ మదియే. ఆ బాలిక అక్కడనే అర్జీ వ్రాసి, మరునాడు అవ్వను వెంటబెట్టుకొని మండల కార్యాలయమునకు పోయెదనని మాట యిచ్చెను.

ఆ సంభాషణను మేము ముద్రింపలేదు. ఆ వారము కార్యక్రమమున శ్రోతలు వినినవి పాటలే. వినవలసినది మాత్రము అవ్వ మాట.

ఇంకుడుగుంత మంచిది కాదని కాదు. రాళ్లతోను, ఇసుకతోను నింపిన గుంత వాననీటిని భూమిలోనికి దింపును. కాని నీటితో వచ్చు ఒండ్రు పేరుకొనినచో దాని నోరు మూసికొనును. అప్పుడప్పుడు తీసి శుభ్రపరచువారు ఊరిలో ఉండవలెను. కావున సేవకు బయలుదేరు విద్యార్థులు మూడు విషయములు గమనింపవలెనని మా మనవి. ఏమి చేయవలెనో ముందుగా ఊరివారిని అడుగవలెను. ఏటికొక ఊరు మార్చక, వెళ్లిన ఊరికే మరల వెళ్లవలెను. చేసిన పనిని నిలుపుకొనుటకు ఆ ఊరివారినే ఒకరిద్దరిని సిద్ధపరచి రావలెను.

వేసవి సెలవులలో వేరొక కొరత యేర్పడును. రక్తదాన శిబిరములు పెక్కు కళాశాలలలో జరుగుచుండును. కళాశాలలు మూతపడగనే అవియు తగ్గును. రక్తమును ముందుగా సేకరించి నెలల తరబడి దాచుటకు వీలులేదు. ఎఱ్ఱకణములు 35 మొదలు 42 దినములు, ప్లేట్‌లెట్లు 5 దినములు మాత్రమే సాధారణముగ నిలువయుండును. తలసీమియా వ్యాధి గల పసిబిడ్డకు రెండు మొదలు నాలుగు వారముల కొకసారి రక్తమెక్కింపవలెను. ఆ బిడ్డకు వేసవి సెలవులు లేవు. 18 సంవత్సరములు నిండి, తగిన బరువును ఆరోగ్యమును గల విద్యార్థి, వైద్యుడు పరీక్షించి సరే యనినచో, సెలవులలో స్వస్థలమునకు చేరువనున్న రక్తనిధికి పోయి రక్త మీయవచ్చును. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి ఈయవచ్చును.

శిబిరములో చేరినవారే సేవ చేయగలరని తలపరాదు. ఎదురింటి పదవతరగతి బాలునికి బీజగణితము చెప్పవచ్చును. చూపు మందగించిన తాతగారికి మందుసీసాపై తేదీ చదివి చెప్పవచ్చును. వీనికి పథకమక్కరలేదు, జెండా అక్కరలేదు.

తల్లిదండ్రులకు తుదిగా ఒక మాట. పండుగకు వచ్చిన కుమారుడో, కుమార్తెయో ఒక పూట ఊరిపనిమీద బయటికి పోయెదననినచో, "చదువుకున్నవాడివి, నీకెందుకురా" అని ఆపకుడు. చదువుకొనినందులకే అతడు పోవలెను. అరిసెలు మరునాటికిని నిలువయుండును. అవ్వ చేతిలోని కాగితమునకు గడువు తేదీ యుండును.